యార్క్‌టౌన్ రణక్షేత్రాన్ని ఏ వరుసలో చూడాలి

వర్జీనియాలోని యార్క్‌టౌన్‌కు వెళ్లినవారికి, 1781 అక్టోబరు 19న బ్రిటిష్ సేన ఆయుధాలు దించిన మైదానాన్నే ముందుగా చూడాలనిపించడం సహజం. దాన్ని చివరికి అట్టేపెట్టుకోండి. అక్కడ కనిపించేది గడ్డి బయలే కాబట్టి, ముందు జరిగినది తెలియకుండా వెళితే ఐదు నిమిషాల్లో విసుగు పుడుతుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని తేల్చిన ఈ ముట్టడి అర్థం కావాలంటే నదితో మొదలుపెట్టాలి.

యార్క్ నది ఒడ్డున నిలబడి ఆవలి గట్టున ఉన్న గ్లౌస్టర్ పాయింట్‌ను చూడండి. ఇక్కడ నది వెడల్పు సుమారు అర మైలు. యుద్ధనౌకలకు లోతైన రేవు కావాలన్న పైఅధికారి ఆజ్ఞ మేరకు బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఇక్కడ మకాం వేశాడు. అయితే సెప్టెంబరు 5న చెసాపీక్ అఖాతం ముఖద్వారం దగ్గర అమెరికన్లకు తోడొచ్చిన ఫ్రెంచి నౌకాధిపతి ద గ్రాస్ బ్రిటిష్ నౌకాదళాన్ని నిలువరించడంతో, ఆశపెట్టుకున్న నీళ్లే కార్న్‌వాలిస్‌కు గోడగా మారాయి. అక్టోబరు 16 రాత్రి పడవల్లో అవతలికి జారుకోబోతే గాలివాన ఆ ప్రయత్నాన్ని చెదరగొట్టింది.

తర్వాత సందర్శక కేంద్రంలో పటం తీసుకుని, ఎర్ర బాణపు గుర్తులు చూపే దారి పట్టండి. అమెరికన్ సేనాని వాషింగ్టన్, ఫ్రెంచి సేనాని రోషాంబోల సేనలు అక్టోబరు 6 రాత్రి మొదటి కందకం తవ్వి, 9 నుంచి ఫిరంగులు పేల్చి, 11 రాత్రి ఊరికి మరింత దగ్గరగా రెండో కందకం మొదలుపెట్టాయి. దాన్ని నది దాకా సాగనివ్వకుండా రెడౌట్లనే రెండు చిన్న మట్టికోటలు అడ్డుపడ్డాయి. ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇదే. 9వ రెడౌట్ కట్టలోంచి పొడుచుకొచ్చిన, మొనలు చెక్కిన కర్రల వరుసను దగ్గరగా గమనించండి (కట్ట మీదికి ఎక్కకూడదు; ఇప్పుడున్నది పునర్నిర్మాణం). 14 రాత్రి ఫ్రెంచివారు ఇక్కడి అడ్డంకులను గొడ్డళ్లతో నరికేదాకా తుపాకుల ఎదుట ఆగి, ఎక్కువమందిని పోగొట్టుకున్నారు. అలెగ్జాండర్ హామిల్టన్ వెంట 10వ రెడౌట్ మీదికి వెళ్లిన అమెరికన్లు మాత్రం ఆగకుండా, తూటాలు నింపని తుపాకుల బాయ్‌నెట్లతోనే దూకి, పది నిమిషాల్లో దాన్ని పట్టుకున్నారు. ఆ రెడౌట్‌లో చాలా భాగాన్ని తర్వాత నది కోసేసింది.

17న లొంగుబాటు మాటలకు సంకేతంగా బ్రిటిష్ వైపు నుంచి డప్పు మోగింది; 18న మూర్ హౌస్‌లో షరతుల మీద బేరసారాలు నడిచాయి. ఆ ఇల్లు అన్ని రోజులూ తెరిచి ఉండదు కనుక ముందే కనుక్కోండి. 1780లో చార్లెస్టన్‌లో లొంగిన అమెరికన్లకు బ్రిటిష్‌వారు సైనిక మర్యాదలు (జెండాలు ఎగరేసుకుంటూ నడిచి వచ్చే గౌరవం) నిరాకరించారు. ఇక్కడ అదే షరతు బ్రిటిష్‌వారికి ఎదురైంది.

ఇప్పుడు మైదానానికి రండి. ఒకవైపు ఫ్రెంచివారు, మరోవైపు అమెరికన్లు బారులు తీరిన దారి వెంట, చుట్టిన జెండాలతో బ్రిటిష్ సేనలోని ఏడు వేలకు పైగా సైనికులు వచ్చారు. అస్వస్థత పేరు చెప్పి కార్న్‌వాలిస్ రాలేదు. అతని బదులు వచ్చిన కింది అధికారి ఓహారా, లొంగుబాటు గుర్తుగా కత్తిని రోషాంబోకు ఇవ్వబోతే ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు. వాషింగ్టన్ తన కింది అధికారి లింకన్‌ను చూపించాడు. చార్లెస్టన్‌లో లొంగిపోయిన సేనాని ఆ లింకనే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే, ఆ రోజు రాని మనిషి గురించి అక్కడే చెప్పండి. ఆ పేరు వారికి చరిత్ర పాఠంలో పరిచయమైనదే: 1786లో గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1792లో శ్రీరంగపట్నంలో టిప్పు కొడుకులిద్దరిని బందీలుగా తీసుకుని, మరుసటి ఏడాది బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిన కార్న్‌వాలిస్ ఇతనే. 1802 నుంచి ఆ పద్ధతి మన ఉత్తర సర్కారులకూ వచ్చింది.