పేస్‌మేకర్ వైరు గుండెలో ఎక్కడ దిగుతుంది? ముందే అడగండి

పేస్‌మేకర్, అంటే గుండెకి వైరుతో కరెంటు అందించే చిన్న మిషను, పెట్టించుకునేవాళ్ళు మూడు ప్రశ్నలు అడుగుతారు. బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది, ఏ కంపెనీది, ఎంతవుతుంది. నేనూ అవే అడిగాను. వైరు కొస గుండెలో ఎక్కడ దిగుతుందని అడగలేదు. బరంపురంలో ముప్పై నాలుగేళ్ళు ఇళ్ళకి వైరింగ్ చేసి, "పాయింటు ఎక్కడో ముందు తేల్చండి, గోడ కొట్టాక కాదు" అని ఊరందరికీ చెప్పినవాణ్ణి. నా గుండె దగ్గరికొచ్చేసరికి ఆ ముక్క మర్చిపోయాను.

2019 ఎండాకాలం. కోర్టుపేటలో ఒకరింట్లో నిచ్చెనెక్కి ఫ్యాను హుక్కుకి చెయ్యెత్తానో లేదో కళ్ళు బైర్లు కమ్మాయి. కిందున్న కుర్రాడు పట్టుకోబట్టి బతికాను. నాడి చూస్తే నిమిషానికి 34. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు. గుండె పైగదులు ఒక లెక్కన, కిందిగదులు ఇంకో లెక్కన కొట్టుకుంటున్నాయి, మధ్యలో కనెక్షన్ తెగింది. అంబులెన్సులో విశాఖ తీసుకుపోయి పేస్‌మేకర్ పెట్టించారు. వారానికల్లా లేచి తిరిగాను. రెండేళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాను.

తర్వాత బడా బజారు నుంచి కూరల సంచితో వస్తుంటే దారిలో రెండుచోట్ల ఆగాల్సొచ్చింది. రాత్రి ఒక తలగడ చాలక రెండు పెట్టుకున్నాను. సాయంత్రానికి చెప్పులు బిగుసుకునేవి. దగ్గర్లో ఒక డాక్టరు గారు గ్యాసన్నారు, వయసన్నారు. మిషను బాగానే ఉంది కదా, ఇంకేటి అనుకున్నాను నేనూ. చివరికి ఎకో (గుండె స్కానింగు) తీస్తే ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఎడమ కిందిగది ఒక్కో దెబ్బకి తనలోని రక్తంలో బయటికి నెట్టే వంతు, 38 శాతం. ఆపరేషనుకి ముందు 60 ఉండేది. మిషను బాగానే ఉంది మరి. కరెంటు వెళ్తున్న దారే బాగాలేదు.

దారి సంగతి నా భాషలో చెప్తాను. గుండెకి పుట్టుకతోనే సొంత వైరింగ్ ఉంది. పైన కరెంటు పుట్టించే ఎస్‌ఏ నోడ్, మధ్యలో దాన్ని కిందికి పంపే ఏవీ నోడ్, దాని కింద హిస్ బండిల్ అనే మెయిను, అక్కడినుంచి కుడికొకటి ఎడమకొకటి కొమ్మలు, వాటి చివర పుర్కింజీ అనే సన్నపోగులు. ఈ పోగుల్లో కరెంటు సెకనుకి 2 నుంచి 4 మీటర్లు పరిగెడుతుంది. ఒట్టి కండరంలో వదిలితే మీటరు కూడా వెళ్ళదు, కణం నుంచి కణానికి పాకుతుంది. మామూలుగా పెట్టే వైరు మెడ కిందున్న సిరలోంచి దిగి, కుడి కిందిగది అడుగు కొసలో నాటుకుంటుంది. దాన్ని అపెక్స్ అంటారు. అక్కడ సొంత వైరింగుతో సంబంధం లేదు. కరెంటు కండరంలోనే పాకుతూ కుడివైపుని ముందు లేపి, ఎడమగది బయటిగోడకి ఆఖర్న చేరుతుంది.

దానివల్ల నష్టమేంటంటారా? రథయాత్రలో చూసే ఉంటారు. తాళ్ళు పట్టినవాళ్ళంతా ఒక్క కేకకి లాగితేనే రథం కదులుతుంది. కుడితాడు ముందు లాగి, వాళ్ళు వదిలేశాక ఎడమతాడు లాగితే రథం పక్కకి తిరుగుతుంది. చెమటకేం లోటుండదు, జరగడమే జరగదు. గుండెలోనూ అంతే. కుడి ఎడమ గదుల మధ్యగోడ ముందు ముడుచుకుంటుంటే ఎడమగది బయటిగోడ ఇంకా వదులుగానే ఉంటుంది. అది ముడుచుకునే వేళకి మధ్యగోడ సాగిపోతుంది. రక్తం ముందుకెళ్ళాల్సిన బలం గోడలు అటూ ఇటూ ఊగడానికే పోతుంది. రోజుకి లక్ష దెబ్బలు, ఏళ్ళ తరబడి ఇలాగే అయితే ఎడమగది సాగుతుంది, ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య తలుపులాంటి మిట్రల్ కవాటం కారుతుంది.

అపెక్స్‌లో పెట్టడం తప్పని మాత్రం నేననను. 1958లో న్యూయార్కులో సీమోర్ ఫర్మన్ సిరలోంచి వైరు దింపిన దగ్గర్నుంచి కుడిగదే అందరికీ అలవాటైన చోటు. కొస చేరడం సులువు, జారదు. అదే ఏడు అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లో మొట్టమొదటి పేస్‌మేకర్ ఒంట్లో పెట్టించుకున్న ఆర్నే లార్సన్ 26 మిషన్లు మార్చుకుని 86 ఏళ్ళు బతికాడు. కొసలో పేసింగ్ (మిషను కరెంటుతో గుండెని కొట్టించడం) ఎక్కువ నడిచేవాళ్ళలోనూ పదిమందిలో ఒకరిద్దరికే నాలాగ గుండె నీరసిస్తుంది. ఆ ఒకరిద్దరూ ఎవరో ముందు తెలీదు కాబట్టి అడగాలి.

ఏమడగాలంటే, మొట్టమొదట ఇది: "నాకు కిందిగదిలో పేసింగ్ ఎంత శాతం పడుతుందనుకుంటున్నారు?" మిగతావన్నీ దీని వెనకే. సిక్ సైనస్ అనే జబ్బయితే పైన ఎస్‌ఏ నోడ్‌లో పుట్టే కరెంటే మందం, కిందికి దారి బాగుంటుంది. అలాంటివాళ్ళకి కిందిగది వైరు ఏడాదంతా ఖాళీగానే కూర్చోవచ్చు. నాలాంటి పూర్తి బ్లాకుకి ప్రతి దెబ్బా మిషనే కొట్టాలి. 2003లో వచ్చిన మోస్ట్ అనే పేస్‌మేకర్ అధ్యయనం లెక్కల్లో కిందిగది పేసింగ్ 40 శాతం దాటినవాళ్ళు గుండె నీరసించి ఆసుపత్రిలో చేరడం బాగా పెరిగింది. ఇప్పుడు డాక్టర్లు 20 శాతం దాటుతుందనుకున్నా చోటు గురించి ఆలోచిస్తున్నారు.

శాతం ఎక్కువంటే రెండో ప్రశ్న: "సొంత వైరింగులోకే లీడ్ పెట్టగలరా?" లీడంటే ఆ వైరే. రెండు చోట్లున్నాయి. హిస్ బండిల్ మీద పెట్టడం 2000 నుంచి ఉంది. చక్కటి చోటే గానీ చిన్నది, దొరకడం కష్టం, ఒక్కోసారి కరెంటు ఎక్కువ అడిగి బ్యాటరీ తినేస్తుంది. 2017లో చైనా డాక్టరు హువాంగ్ వీజియాన్ బృందం లీడుని మధ్యగోడలోకి స్క్రూలా తిప్పి ఎడమకొమ్మని అందుకునే పద్ధతి రాసింది. లెఫ్ట్ బండిల్ పేసింగ్ అంటారు. ఇదీ గాక ఎడమగది బయటి సిరలోకి ఇంకో లీడ్ వేసి రెండువైపులా ఒకేసారి కొట్టే సీఆర్‌టీ కూడా ఉంది. మీకు ఏది నప్పుతుందో డాక్టరే చెప్పాలి. "మీరు ఇది ఎన్ని చేశారు సార్?" అని అడగడానికి మాత్రం మొహమాటపడకండి. కన్సీల్డ్ వైరింగ్ చెయ్యని మేస్త్రీకి మీరు కొత్త ఇల్లు ఇవ్వరు కదా. మా ఒడిశావాళ్ళు ఇంకోటి కూడా కనుక్కోవాలి: ఇక్కడి ఆరోగ్య కార్డు విశాఖలో ఆ ఆసుపత్రిలో, ఆ ఆపరేషనుకి చెల్లుతుందా లేదా. మంచమెక్కాక కాదు, బయల్దేరకముందే.

ఆపరేషనుకి ముందు ఎకో, 12 లీడ్ల ఈసీజీ (ఈ లీడ్లు వేరు, గుండెలో దించేవి కావు) తీయించి కాగితాలు దాచండి. ముందు లెక్క లేకపోతే తర్వాత లెక్కకి అర్థం లేదు. నా 60 అనే అంకె నా కూతురు బీరువాలో దాచబట్టి దొరికింది, నేనైతే పారేసేవాణ్ణి.

పెట్టాక ఇంట్లో కూర్చునే చూసుకోగలిగింది ఈసీజీ. కాగితం మామూలు వేగంలో నడిస్తే చిన్నగడి ఒకటి 40 మిల్లీసెకన్లు. క్యూఆర్‌ఎస్ అనే పెద్దగీత మొదలు నుంచి చివరిదాకా గడులు లెక్కపెట్టండి. మూడు గడుల్లోపు అయితే రెండువైపులా ఇంచుమించు కలిసి లాగుతున్నట్టు. నాది నాలుగు దాటింది, 170 మిల్లీసెకన్లు. గీత ఎంత వెడల్పయితే ఎడమవైపు అంత ఆలస్యమని గుర్తు. ఎక్స్‌రేలో కొస గుండె నీడ అడుగుమూలలో కనిపిస్తే అపెక్స్. మధ్యగోడలో ఉందో లేదో తేల్చాలంటే ఎదురు ఫిల్ము ఒక్కటీ చాలదు, పక్కనుంచి తీసింది కూడా కావాలి. ఇవి చూసుకుని మీరే తీర్పు చెప్పెయ్యకండి, అడగడానికి పట్టుకెళ్ళండి.

మొదటి నెల, నెలన్నర మిషను పెట్టిన పక్క చెయ్యి భుజం దాటి ఎత్తకూడదు, లీడ్ జారుతుంది. నాకు అదే కష్టమైంది, ముప్పై నాలుగేళ్ళు చేతులెత్తే బతికాను మరి. గాయం ఎర్రబడినా, ఆగకుండా ఎక్కిళ్ళొచ్చినా, నాడి మిషనులో పెట్టిన అంకె కంటే తగ్గినా వెంటనే వెళ్ళాలి. ఫోను ఆ వైపు చొక్కా జేబులో వద్దు, ఓ జానెడు దూరం ఉంచండి. వెల్డింగు జోలికి డాక్టర్ని అడక్కుండా పోకండి.

చెకప్పుకి వెళ్ళినప్పుడు బ్యాటరీ బాగుందనగానే లేచి వచ్చెయ్యకండి. కాగితం అడిగి తీసుకుని, అందులో వెంట్రిక్యులర్ పేసింగ్, అంటే కిందిగది పేసింగ్, శాతం ఎంతో చూడండి. మీ సొంతదారి కొంచెమైనా పనిచేస్తుంటే ఏవీ డిలే, అంటే పైగది దెబ్బ తర్వాత కిందిగదిని కొట్టేముందు మిషను ఆగే టైము, పెంచి ఆ శాతం తగ్గించొచ్చు, కత్తి అక్కర్లేదు, బయటినుంచే మారుస్తారు. ఏడాదికోసారి ఎకో తీయమని మీరే అడగండి. ఆయాసం, కాళ్ళ వాపు, నాలుగురోజుల్లో రెండుకిలోల బరువు పెరిగితే ఏడాదిదాకా ఆగొద్దు.

నాకు 2022లో మళ్ళీ కోశారు. పాతవైరుని లాగలేదు, మిషను వైపు మొన మూసి అక్కడే వదిలేసి, కొత్త లీడు ఎడమకొమ్మ దగ్గర దింపారు. రెండోసారి కోతలో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, పాతవైరున్న సిర ఇరుకైపోయి ఉండొచ్చని ముందే చెప్పారు. అందుకే మొదటిసారే అడగమని ఇంతగా పోరుతున్నాను. క్యూఆర్‌ఎస్ 116కి వచ్చింది. ఎనిమిది నెలలకి ఎకోలో 52. మందులు కూడా వాడాను, అదంతా వైరు గొప్పేనని చెప్పను.

ఈ కథ విని మా వీధిలో పట్టు నేసే పెద్దాయన హడలిపోయి, తన ఫైలు సంచీలో పెట్టుకుని పొద్దున్నే వచ్చేశాడు. ఆయనదీ పేస్‌మేకరే, సిక్ సైనస్‌కి పెట్టారు.

"నాదీ కొసలోనే దించీసినార్రా, ఏటి సెయ్యమంటావు?"

కాగితం తిప్పి చూశాను. కిందిగది పేసింగ్ 4 శాతం. ఎకో 62.

"మావయ్యా, నీ వైరు పని లేక కూర్చుంది. నువ్వెళ్ళి మగ్గం మీద కూర్చో" అన్నాను.