ఎర్రకణం మీది యాంటీబాడీని తీయడం ఎలా?

డీఏటీ (ఎర్రకణానికి యాంటీబాడీ అంటుకుందేమో చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చాక ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మనకు కావాల్సింది యాంటీబాడీనా, కణమా? యాంటీబాడీ ఏదో గుర్తించాలంటే కణం పగిలిపోయినా నష్టం లేదు. ఫీనోటైపింగ్ (కణం మీద ఏ యాంటీజెన్లు, అంటే గుర్తులు, ఉన్నాయో చూడటం) చేయాలంటే మాత్రం కణం చెక్కుచెదరకూడదు.

ఏ దారిన వెళ్లినా కణాలను సెలైన్‌తో నాలుగు నుంచి ఆరుసార్లు కడగాలి. ఎల్యూయేట్ (కణం నుంచి విడదీసిన యాంటీబాడీ ఉన్న ద్రవం) చేస్తుంటే చివరి వాష్‌లో పైన తేలిన ద్రవాన్ని పారబోయకండి. దాన్నీ ఎల్యూయేట్‌తో పాటు అవే ప్యానెల్ కణాలతో (యాంటీజెన్లు ఏవో ముందే తెలిసిన కణాలు) పరీక్షించాలి. అది పాజిటివ్ అయితే ప్లాస్మాలోని యాంటీబాడీ ఇంకా పోలేదన్నమాట, ఆ ఎల్యూయేట్ ఫలితానికి విలువ లేదు. కడిగిన కణాలను కొత్త ట్యూబ్‌లోకి మార్చండి, లేదంటే గాజుకు అంటుకున్న యాంటీబాడీ కూడా ఎల్యూయేట్‌లోకి దిగివస్తుంది.

తల్లీబిడ్డల ఏబీఓ రక్తవర్గాల తేడా వల్ల నవజాత శిశువుకు కామెర్లని అనుమానమైతే ఫ్రీజ్-థా చాలు. అర మి.లీ. ప్యాక్డ్ కణాలకు మూడు చుక్కల సెలైన్ కలిపి, బిరడా పెట్టి, గోడలంతా అంటేలా ట్యూబ్‌ను తిప్పండి. ఫ్రీజర్‌లో 10 నిమిషాలు ఉంచి, గోరువెచ్చటి నీటి ధార కింద గబగబా కరిగించి సెంట్రిఫ్యూజ్ చేయండి. పైన తేరే ఎర్రటి ద్రవమే ఎల్యూయేట్. ఇతర యాంటీబాడీలకు ఈ పద్ధతిని నమ్ముకోలేం. వాటికి యాసిడ్ ఎల్యూషనే (ఆమ్లంతో యాంటీబాడీని విడదీయడమే) మేలు.

కణం దక్కాలంటే గ్లైసిన్-ఈడీటీఏ వాడవచ్చు. పీహెచ్ 1.5 ఉన్న 0.1 మోలార్ గ్లైసిన్ 20 పాళ్లు, 10 శాతం ఈడీటీఏ 5 పాళ్లు కలపండి. ఈ మిశ్రమం 20 పాళ్లు తీసుకుని 10 పాళ్ల కణాలపై పోసి, గది ఉష్ణోగ్రతలో ఒకటి రెండు నిమిషాలే ఉంచండి. వెంటనే 1 మోలార్ ట్రిస్ ఒక పాలు వేసి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవం తీసేసి, నాలుగుసార్లు కడగండి. ఇక్కడ గడియారం మీద నుంచి కన్ను తీయకూడదు, ఆలస్యమైతే కణాలు మళ్లీ బాగుపడవు. ఇంకో చిక్కు: ఈ రసాయనం కెల్ రక్తవర్గ యాంటీజెన్లను చెరిపేస్తుంది. తర్వాత కెల్ నెగెటివ్ అని రాస్తే అది తప్పుడు ఫలితమే.

కెల్ టైపింగ్‌కు క్లోరోక్విన్ డైఫాస్ఫేట్ తీసుకోండి. 0.2 మి.లీ. కణాలకు 0.8 మి.లీ. ద్రావణం కలిపి గది ఉష్ణోగ్రతలో 30 నిమిషాలు ఉంచాలి. కొద్దిగా తీసి కడిగి, ఐజీజీ రకం యాంటీబాడీని పట్టే యాంటీ-ఐజీజీతో చూడండి. ఇంకా పాజిటివ్ అయితే అరగంటకోసారి మళ్లీ చూస్తూ రెండు గంటల్లో ముగించాలి, అంతకు మించితే ఆర్‌హెచ్ యాంటీజెన్లూ బలహీనపడతాయి. క్లోరోక్విన్ కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రోటీన్‌ను తీయదు కాబట్టి ఐజీజీ, కాంప్లిమెంట్ రెండింటినీ పట్టే పాలీస్పెసిఫిక్ రీజెంట్‌తో చూస్తే పని కాలేదని పొరబడతారు. పరీక్షించే యాంటీజెన్ ఒక మోతాదే ఉన్న (తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వచ్చిన) కణాలను కూడా పక్కనే అదే ద్రావణంలో, అంతే సేపు ఉంచండి. అవి నెగెటివ్ అయితే రోగి ఫలితం రాయకండి.