వీర్య పరీక్ష రిపోర్టు చదవడం, 3వ పాఠం: కౌంట్ తక్కువ ఉన్నప్పుడు కదలిక లెక్క

పోయిన పాఠంలో వాల్యూమ్ (వీర్యం ఎన్ని మిల్లీలీటర్లు), కౌంట్ (ఒక్కో మిల్లీలీటరులో ఎన్ని వీర్యకణాలు) గడులు చూశాం. బెంగళూరు ల్యాబుల్లో కౌంట్‌ను మిలియన్లలో ఇస్తారు. ఒక మిలియన్ అంటే 10 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు మిల్లీలీటరుకు 16 మిలియన్లు, అంటే కోటీ 60 లక్షలు. ఏడాదిలోపే భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను కొలిచి ఈ హద్దు పెట్టారు. వాళ్లలో నూటికి ఐదుగురి కౌంట్ ఇంతకంటే తక్కువే! కాబట్టి అంకె పక్కన ఎర్ర గుర్తు కనిపించగానే టెన్షన్ పడకండి.

ఈ రోజు కింది గడికి రండి. ‘ప్రోగ్రెసివ్ మోటిలిటీ’ అని ఉంటుంది. ముందుకు ఈదే కణాల శాతం అది. హద్దు 30. ఉన్నచోటే గిజగిజలాడేవాటిని ఇందులో కలపరు.

ముందుకు ఈదే కణాలు మొత్తం ఎన్నో తేల్చే లెక్క ఇది: వాల్యూమ్‌ను కౌంట్‌తో హెచ్చించి, అందులో ఈ శాతం తీయండి.

మారతహళ్లిలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇద్దరు మనవాళ్లు అనుకోండి. మొదటాయనకు 2 మిల్లీలీటర్లు, కౌంట్ 12 మిలియన్లు, ప్రోగ్రెసివ్ 20 శాతం. మొత్తం 2 కోట్ల 40 లక్షల్లో ఈదేవి 48 లక్షలు. రెండో ఆయనకు 2.5 మిల్లీలీటర్లు, కౌంట్ 8 మిలియన్లే, కానీ ప్రోగ్రెసివ్ 45 శాతం. 2 కోట్లలో 90 లక్షలు ఈదుతున్నాయి. కౌంట్ చూసి ఎక్కువ దిగులు పడేది రెండో ఆయనే. నా లెక్కలో ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది మొదటాయన.

కౌంట్ తగ్గినవాళ్లలో చాలామందికి కదలిక, ఆకారం కూడా దెబ్బతింటాయి. వేరికోసిల్ (వృషణాల పైనుండే సిరలు ఉబ్బడం), సిగరెట్ పొగ, వృషణాలకు తగిలే వేడి లాంటివి సంఖ్యతో పాటు పనితనాన్నీ దెబ్బతీయగలవు.

ఈదడంతో పని అయిపోదు. ఆడవాళ్ల శరీరంలో కొన్ని గంటలుండి కణం సిద్ధపడాలి. దీన్ని కెపాసిటేషన్ అంటారు. 1951లో చాంగ్, ఆస్టిన్ విడివిడిగా కనుక్కున్నారు. ఆ తర్వాత కణం తలమీది టోపీలాంటి సంచి, అంటే అక్రోసోమ్, తెరుచుకుంటేనే అండం పొరలోకి దారి. లోపలి డీఎన్ఏ కూడా చిరిగిపోకుండా ఉండాలి. మామూలు రిపోర్టు ఇవేవీ చెప్పదు. డీఎన్ఏ ఫ్రాగ్మెంటేషన్ పరీక్ష వేరు. అది అందరికీ అక్కర్లేదు, పదేపదే గర్భం పోతుంటే డాక్టర్‌ను అడగండి.

శాంపిల్ సంగతి. 2 నుంచి 7 రోజులు కలయికలో గానీ మరోలా గానీ వీర్యం పోకుండా ఉండి ఇవ్వాలి. ఇంట్లో తీస్తే ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకుని గంటలోపు ల్యాబుకు చేర్చాలి. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటాల్సి వస్తే ఆ ఆశ వదులుకోండి, ల్యాబులోనే గది అడగండి. మొదటి చుక్కల్లోనే కణాలు ఎక్కువ. అవి ఒలికితే సిగ్గుపడకుండా చెప్పేయండి.

ఒక్క రిపోర్టుతో తేల్చకండి, మళ్లీ చేయించండి. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. రెండు నెలల కిందటి డెంగ్యూ జ్వరం ఇప్పుడు కౌంట్‌లో కనబడొచ్చు. జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేసుకుంటుంటే డాక్టర్ దగ్గర దాచొద్దు. అవి వీర్యకణాల తయారీనే ఆపేయగలవు.

అభ్యాసం: వాల్యూమ్ 1.5 మిల్లీలీటర్లు, కౌంట్ 10 మిలియన్లు, ప్రోగ్రెసివ్ 30 శాతం. ఈదేవి ఎన్ని లక్షలు? జవాబు వచ్చే పాఠంలో. ఆకారం గడి, అందులోని 4 శాతం హద్దు కూడా అప్పుడే.