బెలూన్ పైకెళ్లింది, తర్వాత కనపడలేదు: గుంటూరు, బెజవాడ వాళ్ల కోసం సమస్య - పరిష్కారం

రబ్బరు బెలూన్‌కి పరికరాల పెట్టె కట్టి పై ఆకాశంలోకి వదిలే మనలాంటి ఔత్సాహికులకి ఎదురయ్యే చిక్కులు ఇవి. ముందు జనం మనల్ని అడిగేవి చూద్దాం.

"అన్నా, బ్యారేజీ మీద తెల్లగా ఏదో కదలకుండా ఉంది, గూఢచారి బెలూనా?"

సాయంత్రం పడమటి వైపు ఉంటే చాలాసార్లు అది శుక్రగ్రహమే. అరగంట ఆగి మళ్లీ చూడండి, సూర్యుడి వెనకే కిందికి దిగిపోతుంటే ఇక టెన్షన్ అక్కర్లేదు. నిజంగా బెలూనే అయితే మొదటి అనుమానం మచిలీపట్నం మీద పెట్టుకోండి, అక్కడి వాతావరణ కేంద్రం పై గాలుల లెక్క కోసం బెలూన్లు వదులుతూనే ఉంటుంది. 2023 ఫిబ్రవరి 4న అమెరికా వాళ్లు ఎఫ్-22తో కూల్చిన చైనా బెలూన్ దాదాపు 60 మీటర్ల ఎత్తు. మనం వదిలే రబ్బరు బెలూన్ నేల మీద రెండు మీటర్ల లోపే ఉంటుంది, పైన గాలి పలచబడేకొద్దీ ఉబ్బి, 30 కిలోమీటర్ల దగ్గర పగిలిపోతుంది. రెంటికీ పోలికే లేదు. అయినా అదే నెలలో ఇంకో మూడు వస్తువుల్ని కూల్చారు, వాటిలో ఒకటి ఇల్లినాయిస్ హామ్‌ల (సరదాకి రేడియో నడిపేవాళ్ల) చిన్న రేకు బెలూన్ అయ్యుండొచ్చని గట్టి అనుమానం వచ్చింది. అధికారికంగా ఏదీ తేలలేదనుకోండి, కానీ ఎవరిదో తెలియని బెలూన్‌కి ఏ గతి పడుతుందో చూశారుగా.

పొలంలో థర్మోకోల్ పెట్టె, తీగలు, చిరిగిన రబ్బరు

చిన్నదైతే వాతావరణ శాఖ వాళ్ల రేడియోసోండ్ (బెలూన్‌కి కట్టి పంపే వాతావరణ పరికరం) అయ్యుంటుంది, దాని మీద రాసి ఉన్నది చదవండి. పెద్ద ప్లాస్టిక్ పరదా, పారాచూట్, బరువైన పరికరాలు ఉంటే హైదరాబాద్‌లోని టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి వచ్చి ఉండొచ్చు. దాన్ని మాత్రం విప్పొద్దు, కొన్నిట్లో హై వోల్టేజీ ఉంటుంది. దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కి చెప్పండి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఒక స్పెయిన్ కంపెనీ పరీక్షకి బెలూన్‌తో పంపిన క్యాప్సూల్ దిగితే ఊరు ఊరంతా అక్కడే చేరింది.

ఇక మనం వదిలేవాటి సంగతి.

లేవట్లేదు, లేచినా నత్తనడక

గ్యాస్ చాల్లేదు. కంటితో అంచనా వేయకండి, బెలూన్ మెడకి స్ప్రింగ్ త్రాసు తగిలించి చూడండి. పెట్టె, పారాచూట్ కలిపి కిలో అయితే త్రాసు రెండు కిలోల పైన చూపించాలి, అప్పుడే సెకనుకి 5 మీటర్ల చొప్పున లేస్తుంది. ఒక ఘనపు మీటరు హీలియం దాదాపు కిలో బరువు ఎత్తుతుంది, అందులోంచే బెలూన్ సొంత బరువు కూడా పోవాలి. అలాగని ఎక్కువ నింపితే తొందరగా పగులుతుంది. తిరనాళ్లలో బుడగల వాళ్ల దగ్గర చవగ్గా దొరికే గ్యాస్ చాలాచోట్ల హైడ్రోజన్, నిప్పురవ్వ చాలు. దాని జోలికి పోవద్దు.

12 కిలోమీటర్ల దగ్గర జీపీఎస్ ఆగిపోయింది

అందరూ ఒకసారి పడే గుంట ఇది, నేనూ పడ్డాను. యూబ్లాక్స్ కంపెనీ జీపీఎస్ మాడ్యూల్ మామూలుగా "పోర్టబుల్" మోడ్‌లో వస్తుంది, అందులో 12 కిలోమీటర్లు దాటితే లొకేషన్ ఇవ్వదు. "ఎయిర్‌బోర్న్" మోడ్ పెడితే 50 దాకా పనిచేస్తుంది. అసలు మెలిక ఏంటంటే, కొన్ని మాడ్యూళ్లు కరెంటు పోయి రాగానే ఆ సెట్టింగ్ మర్చిపోతాయి, కాబట్టి ఇంట్లో ఒకసారి పెట్టేసి ఊరుకోకుండా, బోర్డు ఆన్ అయిన ప్రతిసారీ ఆ కమాండ్ పంపేలా, పంపాక మాడ్యూల్ ఒప్పుకుందో లేదో చూసేలా ప్రోగ్రాం రాసుకోండి. వేరే కంపెనీలవి కొన్ని 18 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి, కొనేముందే అడగండి.

సిమ్ ట్రాకర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, టవర్లు కిందికి చూస్తుంటాయి, పైన సిగ్నల్ ఉండదు. లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) అయితే 865-867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ లేకుండా నడపొచ్చు. హామ్ బ్యాండ్ వాడాలంటే లైసెన్స్ ఉండాల్సిందే.

గంట తర్వాత అంతా నిశ్శబ్దం

చలి. గుంటూరు ఎండలో నిలబడి నమ్మబుద్ధి కాదు గానీ, మన నెత్తిన 16-17 కిలోమీటర్ల పైన మైనస్ 80 దగ్గర ఉంటుంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ చేతులెత్తేస్తాయి. రీచార్జ్ చేయని లిథియం సెల్స్ వేసి, థర్మోకోల్ సందులన్నీ టేపుతో మూసేయండి. పవర్‌బ్యాంక్ వద్దు, లోడు తక్కువైతే దానంతటదే ఆగిపోతుంది.

పెట్టె బంగాళాఖాతంలో పడింది

మన దగ్గర అసలు తలనొప్పి ఇదే. చలికాలంలో పై గాలి పడమర నుంచి తోస్తుంది. గుంటూరులో వదిలితే రేపల్లె మీదుగానో, దివిసీమ మీదుగానో సముద్రంలోకి. ఆ రోజుల్లో వినుకొండ, మాచర్ల వైపు వెళ్లి వదలండి. వానాకాలంలో కింద గాలి తూర్పుకి లాగినా, పైన తూర్పు నుంచి వచ్చే జెట్ గాలి వెనక్కి పల్నాడు వైపు నెడుతుంది, కాకపోతే అప్పుడు మబ్బులు, వరి మళ్లలో నీళ్లు. ముందురోజు రాత్రి, వదిలేరోజు పొద్దున ఎక్కడ దిగుతుందో అంచనా వేసి చూడండి, రెండూ కలవకపోతే వాయిదా వేయండి.

దిగింది, లొకేషన్ ఉంది, కంటికి కనపడట్లేదు

పారాచూట్ ఎర్రదైతే దూరానికి కనపడుతుందని అందరూ చెప్తారు, మేమూ ఎర్రదే కుట్టించాం. ఫిబ్రవరిలో అది సత్తెనపల్లి దగ్గర మిర్చి కల్లంలో పడింది! ఎకరం పొడుగునా ఎర్రటి కాయలు, దానిమీద ఎర్రటి గుడ్డ, గంటన్నర వెతికాం. ఇప్పుడు నీలం వాడుతున్నాం.

రైతు భయపడ్డాడు, పోలీసులు వచ్చారు

పెట్టె మీద ఇంగ్లీషులో రాస్తే లాభం లేదు. "ఇది బాంబు కాదు" అని రాయడం ఇంకా తప్పు, జనం మధ్యలో మాటొక్కటే చదువుతారు. "వాతావరణ ప్రయోగం, ప్రమాదం లేదు, దొరికితే ఫోన్ చేయండి" అని తెలుగులో పెద్దక్షరాలతో నాలుగు వైపులా రాసి, రెండు నంబర్లు ఇవ్వండి. గన్నవరం విమానాశ్రయం దగ్గరే ఉంది కాబట్టి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి లేకుండా వదలొద్దు, స్థానిక పోలీసులకి కాగితం ముందే ఇవ్వండి. కల్లం రైతు ఫోన్ చేసి మొదట అడిగింది ఇదే: "బాబూ, ఇది గవర్నమెంటుదా, మీదా? మీదైతే మధ్యాహ్నం లోపు వచ్చి తీసుకెళ్లండి, కాయలు తిరగెయ్యాలి."