ఆన్‌లైన్‌లో డాక్టర్‌కి చూపించుకోవడం, రాసిన మందులు జాగ్రత్తగా వాడటం ఎలా?

వీడియో కాల్‌లో డాక్టర్ మీ పొట్ట నొక్కి చూడలేరు. ఛాతీకి స్టెతస్కోప్ ఆనించలేరు, చెవిలోకి లైటు వేసి చూడలేరు, మెడ దగ్గర గడ్డ ఉంటే తడమలేరు. వారికి దొరికేవి రెండే: మీరు చెప్పే మాట, మీ కెమెరా చూపించే బొమ్మ. అందుకే ఆన్‌లైన్ కన్సల్టేషన్‌లో సగం పని పేషెంట్ మీదే పడుతుంది. ఆ సగం ఎలా చేయాలన్నదే ఇక్కడ చెప్పబోయేది.

1. ఇది ఫోన్‌లో తేలే సమస్యేనా?

ఛాతీలో బరువుగా, పిండేసినట్టు నొప్పి, ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం, ఫిట్స్, ఆగని రక్తస్రావం, ఒంటికి ఏదో పడక పెదవులు, నాలుక వాచిపోవడం. వీటిలో ఏది కనిపించినా యాప్ తెరవకండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. మూతి ఒక పక్కకి జారడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. మెదడులో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. అందులో అరగంట అపాయింట్‌మెంట్ కోసం వెయిట్ చేస్తూ పోగొట్టుకోకూడదు.

మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. తీవ్రమైన కడుపునొప్పి కూడా అంతే. అపెండిక్స్ నొప్పి చాలాసార్లు బొడ్డు చుట్టూ మొదలై తర్వాత కుడివైపు కిందికి దిగుతుంది. చేత్తో నొక్కి చూసినవాళ్లకే అది సరిగ్గా తెలుస్తుంది.

మరి ఆన్‌లైన్‌కి ఏవి బాగా కుదురుతాయి? టెస్ట్ రిపోర్టులు చూపించడం, పాత జబ్బుకి ఫాలో అప్, బీపీ, షుగర్ మందుల డోసు సరిచూసుకోవడం, మామూలు జలుబు, చర్మం మీద మచ్చలు, మానసిక ఆరోగ్యానికి కౌన్సెలింగ్, ఆపరేషన్ చేయించుకునే ముందు రెండో అభిప్రాయం.

2. అవతల ఉన్నది డాక్టరేనా?

డబ్బు కట్టకముందే డాక్టర్ పూర్తి పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబర్ కనిపించాలి. చాలా దేశాల్లో మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరో నంబరో కొడితే ఆ డాక్టర్ వివరాలు వస్తాయి. రెండు నిమిషాల పని. "మా నిపుణుల్లో ఒకరు మాట్లాడతారు" అని మాత్రమే రాసి, ఆ ఒకరు ఎవరో చెప్పని చోట నేనైతే డబ్బు కట్టను. చాట్‌బాట్‌తో మాట్లాడుతుంటే అది చాట్‌బాట్ అని గుర్తుంచుకోండి. అది ఇచ్చే మందుల పేర్లు ప్రిస్క్రిప్షన్ కాదు.

మోసాలు ఎక్కువగా జరిగేది అపాయింట్‌మెంట్ దగ్గరే. ఆసుపత్రి ఫోన్ నంబర్ కోసం సెర్చ్‌లో వెతికితే పైన తగిలేది దొంగ నంబర్ కావచ్చు. ఆసుపత్రి సొంత వెబ్‌సైట్‌లోనో, పాత బిల్లు మీదో ఉన్న నంబరే వాడండి. "ముందు ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ షేర్ చేయండి, ఓటీపీ చెప్పండి" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. అపాయింట్‌మెంట్ ఇవ్వడానికి మీ స్క్రీన్ చూడాల్సిన పని ఎవరికీ లేదు.

3. కాల్‌కి ముందు ఒక కాగితం తీసుకోండి

ఇంత చిన్న పనికి కాగితం ఎందుకనుకుంటాం. కాల్ మొదలయ్యాక సగం విషయాలు మర్చిపోతాం. బాధ ఏ రోజు మొదలైంది, పెరుగుతోందా తగ్గుతోందా, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఇప్పటికే ఏ మందు వేసుకున్నారు, ఏ మందు పడదు, ఇంతకుముందు ఏ ఆపరేషన్లు, ఏ జబ్బులు. ఇవన్నీ వరసగా రాసుకోండి. పిల్లలైతే ఈ మధ్య తూచిన బరువు తప్పనిసరి, ఎందుకంటే వాళ్ల డోసు చాలావరకు బరువును బట్టే లెక్కేస్తారు.

మందుల పేర్లు మాత్రం జ్ఞాపకం మీద చెప్పకండి. మా పెద్దమ్మ మోకాళ్ల నొప్పికి వీడియో కాల్‌లో చూపించుకుంటుంటే "ఇంకేం మందులు వాడుతున్నారమ్మా?" అని డాక్టర్ అడిగారు. "ఏం లేవండీ, బీపీ బిళ్ల ఒక్కటే" అంది. డాక్టర్ డైక్లోఫెనాక్ రాయబోయారు. నాకెందుకో అనుమానం వచ్చి మందుల డబ్బా తెచ్చి చూస్తే అందులో వార్ఫరిన్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా వాడేది. ఆవిడ లెక్కలో అది "గుండెకి వేసుకునేది", రోజూ అలవాటైన బిళ్ల, మందుల్లో జమే కాదు! ఆ రెండూ కలిస్తే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. డాక్టర్ వెంటనే పారాసెటమాల్‌కి మార్చారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రూలు ఒకటే: కాల్ ముందు స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిచి, ఒక్కొక్కటీ కెమెరాకి చూపించాలి. విటమిన్లు, ఆయుర్వేదం, హోమియో, ప్రొటీన్ పౌడర్లతో సహా.

సిగ్గుపడి దాచే మందులు ఇంకా ప్రమాదం. ఛాతీ నొప్పికి నైట్రేట్ బిళ్లలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) వేసుకుంటే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. గర్భం వచ్చిందేమో అన్న అనుమానమైనా సరే చెప్పాలి. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ కడుపులోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తేగలదు. మద్యం, సిగరెట్ సంగతీ అంతే. డాక్టర్ అడిగేది మిమ్మల్ని మందలించడానికి కాదు.

ఇంట్లో కొలిచే అంకెలు సరిగ్గా కొలవండి. బీపీ చూసుకునే ముందు అరగంట పాటు కాఫీ, సిగరెట్ వద్దు. వీపు కుర్చీకి ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌కి నెయిల్ పాలిష్ ఉన్నా, వేళ్లు చల్లబడినా లెక్క తప్పుతుంది. చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో కొన్నిసార్లు అసలు ఆక్సిజన్ కంటే ఎక్కువ చూపిస్తుంది కూడా. కాబట్టి అంకె బాగుంది కదా అని ఆయాసాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఫోటో పంపాలంటే పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీయండి. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి, పక్కన ఒక పెన్ను పెడితే సైజు తెలుస్తుంది. దాని మీద ఇప్పటికే ఏ క్రీమ్ రాశారో కూడా చెప్పాలి. ఫంగస్ వల్ల వచ్చే తామర మీద స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే పైకి ఎరుపు తగ్గి, దాని రూపమే మారిపోతుంది. ఫోటో చూసిన డాక్టర్ వేరే జబ్బనుకునే వీలుంది.

4. కాల్‌లో

వెలుతురు మొహం మీద పడేలా, ఫ్యాను చప్పుడు లేని గదిలో కూర్చోండి. పెద్దవాళ్ల తరఫున కొడుకో కోడలో మాట్లాడినా, పేషెంట్ పక్కనే ఉండాలి. ఊళ్లో ఉన్న నాన్న గురించి వేరే ఊరి నుంచి కొడుకు ఫోన్ చేసి చెబితే, అది కొడుకు టెన్షన్ గురించిన కన్సల్టేషన్ అవుతుంది.

వ్యక్తిగత భాగాలు చూపించాల్సి వస్తే, అవతలి గదిలో ఇంకెవరున్నారు, కాల్ రికార్డు అవుతోందా అని మొహమాటం లేకుండా అడగండి. ఇష్టం లేకపోతే నేరుగా వచ్చి చూపించుకుంటానని చెప్పొచ్చు. ఫోటోలు పంపాక మీ ఫోన్ గ్యాలరీలోంచీ, బ్యాకప్‌లోంచీ తీసేయడం మర్చిపోకండి.

కాల్ ముగిసేలోపు వీటికి జవాబు రాబట్టండి: ఇది ఏ జబ్బు అనుకుంటున్నారు? ఎన్ని రోజుల్లో తగ్గాలి? ఏం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి? మూడో ప్రశ్న చాలామంది అడగరు, నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది. తర్వాత మందులు ఎలా వేసుకోవాలో మీకు అర్థమైనట్టు తిరిగి ఒకసారి చెప్పండి, తేడా ఉంటే అక్కడే దొరుకుతుంది.

"ఒక యాంటీబయాటిక్ కూడా రాసేయండి డాక్టర్" అని మాత్రం ఒత్తిడి చేయొద్దు. జలుబు, ఫ్లూ వైరస్‌తో వచ్చేవి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అలర్జీ ఉందా అని కూడా అడక్కుండా నిమిషంలో ఐదు మందులు రాసిన డాక్టర్ దగ్గరికి రెండోసారి వెళ్లాల్సిన పని లేదు.

5. ప్రిస్క్రిప్షన్‌ని మీరూ చదవండి

డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, సంతకం, తేదీ, మీ పేరు, వయసు ఉన్నాయా చూడండి. ప్రతి మందుకీ అసలు పేరు, ఎంత పవర్, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది ఉండాలి. ఓడీ అంటే రోజుకి ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే.

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోయిన ఘటనలు ఉన్నాయి. ఏ రోజు వేసుకోవాలో వారం పేరుతో రాయించుకోండి. థైరాయిడ్ బిళ్ల మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. ఒకే మందు రెండు పేర్లతో రావడం ఇంకో చిక్కు. జ్వరానికి 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ నాలుగుసార్లు, దానికి తోడు 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కలిసిన జలుబు బిళ్ల మూడుసార్లు వేసుకుంటే మొత్తం 4100 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 4000 దాటకూడదు. లివర్ సమస్య ఉన్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ.

నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మందుల విషయంలో చాలా దేశాల్లో నియమాలు గట్టిగా ఉంటాయి. డాక్టర్ ఆన్‌లైన్‌లో రాయనంటే కోపం తెచ్చుకోకండి. అడిగిన వెంటనే రాసిచ్చేవాళ్లనే అనుమానించాలి.

6. మందులు తెప్పించుకునేటప్పుడు

ప్రిస్క్రిప్షన్ లేకుండానే యాంటీబయాటిక్స్, నిద్రమాత్రలు అమ్మే సైట్ దగ్గర ఇంకేమీ కొనకండి. లైసెన్స్ నంబర్, చిరునామా, మాట్లాడటానికి ఫార్మసిస్ట్ ఉండాలి. తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లో ప్రతి పది వైద్య ఉత్పత్తుల్లో ఒకటి నకిలీదో నాసిరకానిదో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంచనా వేసింది. ధర మరీ తక్కువైతే ఎందుకని అడగాలి.

పార్సిల్ విప్పగానే పేరు, పవర్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ తేదీ ప్రిస్క్రిప్షన్‌తో పోల్చండి. కంపెనీ పేరు మారితే కంగారు పడనక్కర్లేదు, అసలు మందు పేరు, పవర్ ఒకటేనా అని చూడండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఎండలో తిరిగి వేడెక్కి వచ్చినా, గడ్డకట్టి వచ్చినా తీసుకోకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక కూడా పనికిరాదు.

7. మందు మొదలుపెట్టాక

ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుళ్లు, మొహం వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లండి, మందు స్ట్రిప్పు చేతిలో పట్టుకుని. చిన్న ఇబ్బందైతే సొంతంగా ఆపేయకుండా డాక్టర్‌కి మెసేజ్ పెట్టండి. ముఖ్యంగా వారాల తరబడి వాడుతున్న స్టెరాయిడ్ బిళ్లల్ని ఒక్కసారిగా ఆపకూడదు. చెప్పిన రోజులకి తగ్గకపోతే ఇంకో యాప్‌లో ఇంకో డాక్టర్‌ని వెతక్కుండా, మొదటి డాక్టర్‌కే ఆ సంగతి చెప్పండి, లేదా నేరుగా వెళ్లి చూపించుకోండి.

పాత ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు తేదీ పేరుతో ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. వాటిని పక్కింటివాళ్ల జ్వరానికి ఫార్వర్డ్ చేయకండి.