పాత దూలం కోయించారా? పాలిష్ డబ్బా కొనేముందు ఇది చూసుకోండి

పాత ఇల్లు పడగొట్టినప్పుడు దొరికిన దూలాన్ని పలకలు కోయిస్తే లోపల గోధుమ రంగు, ఒళ్లంతా సూదితో గీరినట్టు సన్నటి రంధ్రాలు, ఒకరేమో వేగిస అంటారు ఇంకొకరు మద్ది అంటారు, మనం ఏదీ తేలక నేరుగా వెళ్లి పీయూ (పాలీయురెథేన్ పాలిష్) డబ్బా తెచ్చేస్తాం. ఆగండి. పేరు తేలకపోయినా పర్లేదు, కోతలో మిగిలిన ముక్క ఒకటి మాత్రం దాచుకోండి, మొత్తం దాని మీదే తేలుతుంది.

ఆ ముక్కని 120, 180, 220 నంబర్ ఎమరీ పేపర్లతో వరసగా గ్రెయిన్ (చెక్క చారలు) వెంబడే రుద్ది, రంధ్రాల్లో ఇరుక్కున్న పొడిని బ్రష్‌తో దులిపేయండి (మాస్క్ పెట్టుకునే). తర్వాత తెల్లగుడ్డ స్పిరిట్‌లో తడిపి తుడవండి. ఆ తడి మీద కనిపించేదే దాదాపు పాలిష్ పడ్డాక వచ్చే రంగు. గుడ్డకి రంగు దిగుతోందేమో కూడా చూడండి. వేగిసైతే దాని పొట్టు నీళ్లలో వేస్తే కాసేపటికి నీళ్లు రంగు తిరిగి ఎండలో నీలంగా మెరుస్తాయి, చూడాల్సిందే అది!

గుడ్డకి జిడ్డు అంటితే జాగ్రత్త. చెదలు పట్టకుండా దూలాలకి జీడి నూనో బండ్లలోంచి తీసిన ఆయిలో పూసేవాళ్లు, అలాంటి చెక్క మీద, ఇంకా జిట్రేగి (రోజ్‌వుడ్) మీద కూడా, ఆయిల్ వార్నిష్ రోజులు గడిచినా జిగటగానే ఉండిపోవచ్చు. మైనం తీసిన లక్కని స్పిరిట్‌లో కరిగించి ముందు ఒక పల్చటి కోటు వేసి, బాగా ఆరాక పైన మీకు కావాల్సింది వేసుకోండి.

ఇక రంధ్రాలు నింపాలా వద్దా? భోజనాల బల్లకైతే నింపాల్సిందే, పులుసు మెతుకులు అందులోకి పోతే శుభ్రం చెయ్యలేం. ఫిల్లర్ (రంధ్రాలు నింపే ముద్ద) రంగు చెక్క కంటే కాస్త ముదురుగా కలిపించండి, లేకపోతే రంధ్రాలు తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. బెంచీ, ఉయ్యాల బల్ల, అలమర లాంటివాటికి మాత్రం నింపొద్దనే నేనంటాను, చెయ్యి పెడితే చెక్కలా తగలాలి, గాజులా కాదు.

అవిసె నూనె పట్టిస్తే పల్చగా రాసి పావుగంటకి తుడిచేసి ఊరుకోకండి, రంధ్రాల్లోంచి నూనె మళ్లీ పైకి ఊరుతుంది, గంటకోసారి తుడవకపోతే మెరిసే చుక్కలుగా గట్టిపడిపోతుంది. తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు, ఒక్కొక్కటీ విడిగా బయట ఆరేయండి. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కరైతే ముసురు రోజుల్లో కొట్టించకండి, తెల్లగా మసకబారినట్టవుతుంది.

అందుకే ముక్కని మూడు భాగాలు చేసి లక్క ఒకదానికి, నూనె ఒకదానికి, పీయూ ఒకదానికి వేసి, పూర్తిగా గట్టిపడ్డాక ఒక్కోదాని మీదా వేడి టీ గ్లాసు పెట్టి, పక్కన నాలుగు నీటి చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. లక్క మీద తెల్లటి చక్రం పడే అవకాశం ఎక్కువ. మిగతా రెండూ ఎలా తట్టుకున్నాయో చూశాకే షాపుకెళ్లండి.