పాత కొట్ల వరస: విజయనగరంలో ఒక వీధి చరిత్రను సేకరించే పద్ధతి

విజయనగరం చరిత్ర అనగానే 1713 నాటి కోట, పూసపాటి వంశం, 1794 పద్మనాభ యుద్ధం, 1919లో మొదలైన సంగీత కళాశాల ముందుగా మాటల్లోకి వస్తాయి. వాటిని గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. కాని కోట, మూడు లాంతర్లు, గంటస్తంభం చుట్టుపక్కల బజారుల్లో ఏ కొట్టు ఎవరు పెట్టారో, అంతకు ముందు ఆ స్థలంలో ఏముండేదో, మూటలు మోసినవారెవరో, పండగకు అరువిచ్చి పంట చేతికి వచ్చేదాకా ఆగిన షావుకారెవరో రాసిపెట్టినవారు చాలా తక్కువ. ఆ సంగతులు తెలిసినవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దవారు. వారు ఉండగానే తమ వీధి చరిత్రను రాసిపెట్టాలనుకునేవారి కోసం, ఆ పనిని ఎక్కడ మొదలుపెట్టి ఎలా నడిపించాలో ఇక్కడ చెబుతున్నాను.

మొదటి నియమం, పనిని చిన్నదిగా పెట్టుకోవడం. ఊరంతటినీ ఒకేసారి చేపట్టినవారు నాలుగు కథలు పోగుచేసి ఆగిపోతారు. రెండు మలుపుల మధ్య ఉన్న ఒక్క భాగాన్ని, రెండు పక్కలా కలిపి ముప్పై నలభై గుమ్మాలకు మించకుండా ఎంచుకోవాలి. ఉల్లివీధి కావచ్చు, లంకవీధి కావచ్చు, దాసన్నపేటలో మీ ఇంటి ముందున్న సందే కావచ్చు. పేరున్న బజారే కావాలన్న పట్టింపు అక్కరలేదు. మీకు నలుగురు పెద్దవారు చనువుగా తెలిసిన వీధి అన్నిటికంటె మంచిది.

తరవాత ఆ వీధి వరసను కాగితం మీద గీయాలి. పెద్ద డ్రాయింగు షీటు తీసుకుని మధ్యలో వీధిని, దానికి రెండు పక్కలా గుమ్మాలను గళ్లుగా గీసి, ఇవాళ ఏ గడిలో ఏ కొట్టు ఉందో నింపాలి. బోర్డు మీది పేరు, ఇంటి నంబరు, మేడా పెంకుటిల్లా, అరుగు మిగిలి ఉందా లేదా అన్నవి కూడా రాసుకోవాలి. ఆ పైన అదే కొలతతో మరి రెండు ఖాళీ పటాలు గీసుకోవాలి. ఒకటి జిల్లా ఏర్పడిన 1979 నాటిది, రెండోది పెద్దవారికి గుర్తున్న అన్నిటికంటె పాత కాలానిది. ఈ రెండు ఖాళీ పటాలే మీ అసలు పనిముట్లు. పెద్దవారి ఎదుట వాటిని పరిచి వేలు పెట్టి చూపిస్తే, మాటలతో అడిగినప్పుడు రానివి కూడా వస్తాయి.

ఎందుకంటే కొట్ల జ్ఞాపకం వరసలో ఉంటుంది. "ఆ రోజుల్లో ఈ బజారు ఎలా ఉండేదండీ?" అని అడిగితే ఎవరైనా "చాలా బాగుండేది బాబూ, ఇప్పుడేముంది" అంటారు. అందులో మీరు రాసుకోవడానికి ఏమీ ఉండదు. అలా కాకుండా "మీ నాన్నగారి కొట్టు మెట్లు దిగితే ఎడమ చేతివైపు మొదటి కొట్టు ఎవరిది తాతగారూ?" అని అడగండి. ఆయన ఒక్క క్షణం ఆలోచించి ఒక పేరు చెబుతారు. "దాని పక్కది?" అంటే ఇంకొకటి. నాలుగో కొట్టు దగ్గరకు వచ్చేసరికి మీరు అడగనక్కరలేదు. అక్కడ సోడాలు తాగడం, అరుగు మీద పేపరు చదివి వినిపించిన గుమస్తా, వర్షం వస్తే నీళ్లు ఏ గుమ్మం దాకా వచ్చేవో, అన్నీ వాటంతట అవే వస్తాయి. నా అభిప్రాయంలో ఈ పని మొత్తానికి ప్రాణం ఇదే. వరస తప్పితే జ్ఞాపకం పొగడ్తగానో ఫిర్యాదుగానో మారిపోతుంది, వరస పట్టుకుంటే చరిత్ర అవుతుంది.

కొట్టు యజమానుల దగ్గరే ఆగిపోకూడదు. సరుకు దింపిన కళాసీలు, పద్దులు రాసిన గుమస్తాలు, అరుగు చివర గంప పెట్టుకుని కూరలు, పువ్వులు అమ్మిన ఆడవాళ్లు, మేడ మీద బట్టలు కుట్టిన దర్జీలు ఆ వీధిని యజమానులు చూడని వైపు నుంచి చూశారు. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు బళ్ల మీద వచ్చేవా, రైలులో దిగేవా, బళ్లు రాత్రి ఎక్కడ ఆగేవి, ఎద్దులకు నీళ్లు ఎక్కడ పట్టేవారు అన్న ప్రశ్నలకు జవాబు షావుకారు కంటె కళాసీకే బాగా తెలుస్తుంది.

కొట్టుకు వెళ్లే వేళ చూసుకోవాలి. బేరాల వేళ వెళ్తే మర్యాద కోసం రెండు మాటలు చెప్పి పంపిస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, బజారు కొంచెం సద్దుమణిగినప్పుడు వెళ్లాలి. వెళ్లగానే మన దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న "మీరెవరి తాలూకు బాబూ?" అన్నది. దానికి ఇంటిపేరు, పేట, పెద్దల పేర్లు దాచకుండా చెప్పాలి. వచ్చిన పని కూడా అప్పుడే స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే పాత కొట్టు గురించి కొత్త మనిషి అడుగుతున్నాడంటే వాటాల తగవో, అద్దె కేసో ఉందేమోనని అనుమానపడడం సహజం. కుటుంబంలో పంపకాల గొడవ ప్రస్తావన వస్తే పుస్తకం మూసి పక్కన పెట్టండి. అది వీధి చరిత్రకు అక్కరలేదు. మాటలు ఫోనులో రికార్డు చేసే ముందు అడగాలి, వద్దంటే చేతితో రాసుకోవాలి.

ఇక కాలనిర్ణయం. ఇది ఈ పనిలో అన్నిటికంటె కష్టమైనదీ, నాకు అన్నిటికంటె ఇష్టమైనదీ. పెద్దవారు సంవత్సరాలు చెప్పరు. "ఏ సంవత్సరంలో?" అని గుచ్చి అడిగితే మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు, అది తప్పయ్యే అవకాశమే ఎక్కువ. అందుచేత వారికి తెలిసిన సంఘటనల మధ్య విషయాన్ని ఇరికించాలి. విశాఖ మీద జపాను బాంబులు పడినది 1942 ఏప్రిల్‌లో. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చినది 1953 అక్టోబరు 1న. కొత్త పైసలు వచ్చినది 1957 ఏప్రిల్ 1న. విజయనగరం జిల్లా అయినది 1979 జూన్ 1న. రెండు రూపాయలకు కిలో బియ్యం 1983లో. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న. "ఆ కొట్టు మూసేసింది కొత్త పైసలకు ముందా, తరవాతా?" అంటే ఖచ్చితమైన జవాబు వస్తుంది. ఇంటి సంగతులు ఇంకా బాగా పనిచేస్తాయి. "మీ పెళ్లికి పట్టుచీరలు ఆ కొట్టులోనే కొన్నారా అమ్మా?" అని అడిగితే, పెళ్లి సంవత్సరం శుభలేఖలో దొరుకుతుంది.

డబ్బు, తూకం కూడా కాలాన్ని పట్టిస్తాయి. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు అన్న లెక్క 1957తో పోయింది. అయితే పావలా అన్న మాట ఇరవై ఐదు పైసల బిళ్లకు అంటుకుని, 2011లో ఆ బిళ్ల చెల్లకుండా పోయేదాకా నిలిచింది కాబట్టి, "పావలాకి" అన్నంత మాత్రాన అది 1957కు ముందని అనుకోకూడదు. బేడ (రెండణాలు), కాని అన్న మాటలు వస్తే అది పాతకాలమేనని మొగ్గు చూపవచ్చు. మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలులోకి వచ్చాయి. అంతకు ముందు బెల్లం, చింతపండు వీశెల్లో తూచేవారు. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు కిలో 400 గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. ధాన్యాన్ని కుంచం, అడ్డ, తవ్వ, సోల లెక్కన కొలిచేవారు. ధర ఎంతని అడిగినప్పుడు తప్పనిసరిగా దేనికి ఎంతని కూడా అడిగి రాసుకోవాలి.

పాత రసీదు ఒకటి దొరికితే దాన్ని తొందరపడి పక్కన పెట్టకండి. ఒక బట్టల కొట్టు బిల్లు, తేదీ చిరిగిపోయినది, మీ చేతికి వచ్చిందనుకుందాం. పైన చిరునామాలో విశాఖపట్నం జిల్లా అని ఉంటే అది 1979కు ముందు అచ్చయిన బిల్లు అని దాదాపుగా చెప్పవచ్చు. కింద 535తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు తరవాతది, ఎందుకంటే పిన్‌కోడ్ ఆ రోజే మొదలయింది. ఈ రెండూ ఒకే బిల్లు మీద కనబడితే ఏడేళ్ల వ్యవధిలోకి వచ్చేశారు. వ్యాట్ నంబరు ఉంటే 2005 ఏప్రిల్ తరవాతది, జీఎస్టీ నంబరు ఉంటే 2017 జులై తరవాతది. పాత బిల్లు పుస్తకం అయిపోయేదాకా షావుకారు దాన్నే వాడి ఉండవచ్చు కాబట్టి, చేతితో రాసిన ధరలను కూడా అచ్చుతో పాటు చూసి ఒక నిర్ణయానికి రావాలి.

కొట్టు లోపలికి వెళ్లనిస్తే గోడలను, గుమ్మాన్ని నిదానంగా చూడండి. ఇనుప షట్టర్లు రాక ముందు గాడిలో ఒకదాని పక్కన ఒకటి దించిన చెక్క పలకలు ఇంకా కొన్ని చోట్ల ఉన్నాయి. రోజూ అదే వరసలో పెట్టడానికి వాటి వెనక అంకెలు చెక్కి ఉంటాయి. గడపలో గాడి ఒక చివర ఎక్కువగా అరిగి ఉంటే పలకలు ఎటు నుంచి దించేవారో తెలుస్తుంది. దూలానికి త్రాసు వేలాడదీసిన కొక్కెం, చిల్లర వేసే కంతతో గల్లాపెట్టె, దాని పైన దండ వేసిన పెద్దాయన ఫొటో కనబడతాయి. ఆ ఫొటో కింద జననం, మరణం తేదీలు రాసి ఉంటే కొట్టు మొదలైన కాలానికి అది మొదటి ఆధారం అవుతుంది.

కాగితాల్లో అన్నిటికంటె విలువైనది పాత దస్తావేజులోని చెక్కుబందీ. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర ఫలానావారి కొట్టు, దక్షిణాన సందు, ఉత్తరాన రాజవీధి అని అందులో నాలుగు హద్దులూ ఉంటాయి. అంటే ఒక్క దస్తావేజుతో ఇరుగుపొరుగు పేర్లు కూడా తేదీతో సహా దొరుకుతాయి. యజమాని ఇష్టపడితే హద్దుల భాగం మాత్రం రాసుకోండి, మిగతాది చూడకండి. ఇప్పుడు కార్పొరేషన్ అయిన మున్సిపాలిటీ 1888 నాటిది కాబట్టి పాత ఇంటిపన్ను రిజిస్టర్ల కోసం అక్కడ అడగవచ్చు. 1951-52 ఎన్నికల తరవాతి ఓటర్ల జాబితాల్లో పేర్లు ఇంటి నంబర్ల వరసలో ఉంటాయి. ఒక సంగతి మరవకూడదు. విజయనగరం 1979 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది కాబట్టి, ఇక్కడ దొరకని కాగితం విశాఖలో దొరకవచ్చు.

ఐర్లండ్‌లో 1901, 1911 జనాభా లెక్కల్లో ఇంటింటికీ నింపిన పత్రాలు నిలిచి ఉండి, ఇప్పుడు అందరికీ చదువుకోవడానికి దొరుకుతున్నాయి. అక్కడి చిన్న ఊరి వీధిలో ఏ ఇంట్లో చెప్పులు కుట్టేవారు ఉన్నారో, ఏ ఇంట్లో రొట్టెలు కాల్చేవారు ఉన్నారో వాటిలో కనబడుతుంది. మన జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటివారి వివరాలు రహస్యం. అందుచేత మనకు ఆ పని చెక్కుబందీలు, పన్ను రిజిస్టర్లు, పెద్దల జ్ఞాపకాలు చేయాలి. ఐర్లండ్ నుంచి నేర్చుకోదగినది మరొకటి ఉంది. 1937 నుంచి 1939 వరకు అక్కడి జానపద సంఘం ప్రాథమిక పాఠశాలల్లోని 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అంశాల పట్టిక ఇచ్చి, ఇంటి దగ్గరి పెద్దవారిని అడిగి రాసుకురమ్మంది. ఆ అంశాల్లో కొనడం, అమ్మడం ఒకటి. సుమారు 5,000 బడుల నుంచి 7 లక్షల పేజీలకు పైగా పోగయింది. మన మున్సిపల్ హైస్కూలు పిల్లలకు వేసవి సెలవులకు ముందు ఒక ఉపాధ్యాయుడు పది ప్రశ్నలు రాసి ఇచ్చినా చాలు. మనవడు అడిగితే తాతగారు చెప్పే మాట, మనం అడిగితే చెప్పే మాట ఒకటి కాదు.

ఫొటోల విషయంలో మన ఊరికి ఉన్న అదృష్టం మరే ఊరికీ లేదనిపిస్తుంది. దసరా తరవాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, ఊళ్లోని అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అంటే ఏటా అదే దారిలో, అదే వేళలో, ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. చూసేవారందరూ సిరిమాను వైపే చూస్తారు. మీరు దాని వెనక బోర్డులను, మేడలను, కరెంటు స్తంభాలను చూడాలి. తేదీ తెలిసిన పదేళ్ల సిరిమాను ఫొటోలు పక్కపక్కన పెడితే ఏ కొట్టు ఏ సంవత్సరానికి పోయిందో తేలిపోతుంది. పెళ్లి ఊరేగింపుల ఫొటోలను కూడా ఇలాగే చదవాలి. విదేశాల్లోనూ హైదరాబాదులోనూ స్థిరపడిన పాత కుటుంబాలవారు ఆ పండగకు ఇంటికి వస్తారు కాబట్టి, వారిని కలవడానికీ, ఆల్బమ్ తెప్పించుకోవడానికీ ఆ వారమే సరైన సమయం. కొట్లవారిని మాత్రం ఆ వారంలో ఇబ్బంది పెట్టకండి.

విన్నదాన్ని రాసేటప్పుడు మాటను దిద్దకూడదు. "సంతకెల్లీవోళ్లం" అన్నది "సంతకు వెళ్లేవాళ్లం" అయితే అర్థం మిగులుతుంది గాని మనిషి మాయమవుతారు. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసి, ఎవరు ఏ వయసులో చూసినది చెబుతున్నారో పక్కన రాయాలి. ఒకరు కళ్లారా చూసినది, ఇంకొకరు నాన్నగారి నోట విన్నది అయినప్పుడు ఆ తేడా కూడా కనబడాలి. కులం, అప్పులు, జబ్బుల గురించి చెప్పినవి వారు సరేననకుండా అచ్చుకు ఇవ్వకండి.

చిత్తుప్రతి పూర్తయ్యాక దాన్ని ముందుగా ఆ వీధిలోనే చదివి వినిపించాలి. ఏదైనా అరుగు మీదో, గుడి మండపంలోనో పది మంది పెద్దవారిని కూర్చోబెట్టి, వరస పటం గోడకు తగిలించి చదివితే, అప్పటిదాకా నోరు విప్పనివారు కూడా "కాదు, మధ్యలో ఇంకో కొట్టు ఉండేది" అని అడ్డుపడతారు. ఆ దిద్దుబాట్లను చెప్పినవారి పేరుతోనే, వారు ఒప్పుకుంటే, చేర్చాలి. ఆ తరవాత మంచి కాగితం మీద నాలుగు ప్రతులు తీయించండి. ఒకటి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, ఒకటి దగ్గరి బడికి ఇచ్చి, ఒకటి వీధిలో అందరూ కూర్చునే కొట్టులో ఉంచి, నాలుగోది పటాలు, రికార్డింగులు, ఫొటోల నకళ్లతో కలిపి మీ దగ్గర పెట్టుకోండి. గ్రంథాలయానికి ఇచ్చే ప్రతిలో మాటలు చెప్పినవారు ఇచ్చిన అనుమతి కాగితాలను కూడా జతచేయాలి.